హైబ్రిడ్ కారు బ్యాటరీ పోయింది, వారంటీ రాదంటున్నారు

ప్రశ్న: వకీలు గారూ, మాది హన్మకొండ, నయీంనగర్ దగ్గర. 2022 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని ఒక షోరూంలో 19 లక్షలు పెట్టి, పెట్రోల్ ఇంజిన్‌తో పాటు పెద్ద బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ కారు కొన్నాను. పెద్ద బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది వారంటీ అన్నారు. ఇప్పటికి 96,000 తిరిగింది. నెల కింద వార్నింగ్ లైటు వెలిగింది, బ్యాటరీ మార్చాలన్నారు. ఒక సర్వీసు కాజీపేటలో బయట గ్యారేజీలో చేయించాననీ, 2023 వానల్లో బండి నీళ్లలో నిలబడిందనీ వారంటీ రాదంటున్నారు. కొత్తది వేయిస్తే లక్షల్లో ఖర్చు. పైగా "పెట్రోల్‌లో మీకు ఎంత మిగిలిందో చూసుకోండి సార్" అంటున్నారు. నాకేమైనా దారి ఉందా?

జవాబు: ఉంది. అయితే "వారంటీ రాదు" అన్నది నోటితో చెప్పారా, రాసి ఇచ్చారా? మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు, నాకు కావలసింది అదే. షోరూంకూ, కంపెనీ కస్టమర్ కేర్‌కూ కలిపి ఈరోజే ఒక ఈమెయిల్ పెట్టండి. ఏ కారణంతో కాదంటున్నారు, వారంటీ పుస్తకంలో ఏ షరతు కింద, స్కానర్‌లో ఏ ఫాల్ట్ కోడ్ వచ్చింది అని అడగండి. పోయింది పెద్ద బ్యాటరీయేనా, మామూలు 12 వోల్టుల బ్యాటరీయా అన్నదీ రాయించుకోండి. చిన్నది నీరసించినా కొన్ని బండ్లలో ఇలాంటి లైట్లు వెలుగుతాయి.

ఇంకొకటి. డబ్బు కట్టి కొత్తది వేయించుకోవాల్సి వచ్చినా పాత బ్యాటరీని వాళ్ల చేతికి వదలకండి. చాలామంది బిల్లు కట్టేశాక వస్తారు. పాతదేదీ అంటే "వాళ్లే ఉంచుకున్నారు" అంటారు. ఇక దాన్ని ఎవరు పరీక్షించాలి? వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 38వ సెక్షన్ ప్రకారం వినియోగదారుల కమిషన్ వస్తువును ల్యాబ్‌కు పంపి నివేదిక తెప్పించుకోవచ్చు. అందుకు వస్తువు మిగిలి ఉండాలి కదా. బ్యాటరీని కదిలించకుండా మధ్యంతర ఉత్తర్వు కూడా అడగొచ్చు.

వాళ్లు చెప్పే రెండు కారణాల్లో బయటి సర్వీసు బలహీనమైనది. ఆయిల్, ఫిల్టర్ మార్చినంత మాత్రాన బ్యాటరీ ఎలా పోయిందో వాళ్లు చెప్పగలగాలి. 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీ సక్రమంగా సాగుతోందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై ఇచ్చిన ఆర్డరులో, బయట రిపేరు చేయించారని మొత్తం వారంటీ రద్దు చేయకూడదు, ఆ రిపేరు వల్ల జరిగిన నష్టం మేరకే కాదనవచ్చు అని ఉంది. దానిపై అప్పీళ్లు నడిచాయి కాబట్టి అదే ఆఖరి మాట అనుకోకండి. కానీ వాదనకు పనికొస్తుంది. కాజీపేట గ్యారేజీ బిల్లు ఉంటే ఇంకా మంచిది, ఏం చేశారో అందులో తేలుతుంది.

నీళ్ల సంగతి మాత్రం తేలిక కాదు. 2023 జులై చివర్లో నయీంనగర్ వైపు ఎలా మునిగిందో ఊరంతా చూసింది, కాదనలేం. నీళ్లు టైరు సగం వరకు వచ్చి పోయాయా, సీట్ల దాకా ఎక్కాయా? చాలా హైబ్రిడ్ కార్లలో ఈ బ్యాటరీ వెనక సీటు దగ్గరో డిక్కీ వైపో ఉంటుంది. లోపలికి నీళ్లు పోతే విప్పి చూస్తే తుప్పు, బురద మరకలు కనిపించాలి. వాళ్లు విప్పారా? ఫొటోలు తీశారా? ఆ వానల తర్వాత కూడా అదే షోరూంలో సర్వీసులు చేయించి ఉంటే ఆ జాబ్ కార్డులు, అంటే సర్వీసులో ఏం చూశారో ఏం చేశారో రాసిన కాగితాలు, మీకు బంగారం. నీళ్లు పోయిన ఆనవాలు ఉంటే అప్పుడే ఎందుకు రాయలేదని అడగొచ్చు. కానీ ఆ ఏడాది నీళ్లు చొరబడ్డాయని మీరే ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టి ఉంటే మీ వకీలు దగ్గర దాచకండి. సర్వేయర్ రిపోర్టు అవతలివాళ్ల చేతికి చేరడం ఖాయం.

కేసు కోసం హైదరాబాద్ తిరగక్కర్లేదు. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే చోటే వేయొచ్చు, అంటే వరంగల్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. చెల్లించిన ధర 50 లక్షలు దాటలేదు కాబట్టి జిల్లా కమిషనే సరిపోతుంది. 19 లక్షల బండికి ఫీజు 400 రూపాయలు. వారంటీ కాదన్న రోజు నుంచి రెండేళ్ల గడువు లెక్కపెట్టుకోండి, మధ్యలో ఎన్ని ఉత్తరాలు రాసినా అది పెరగదు. షోరూంతో పాటు కంపెనీనీ పార్టీగా చేర్చాలి. లేదంటే ఒకరు ఇంకొకరిని చూపిస్తారు.

బండే మార్చి ఇమ్మని మాత్రం అడగకండి. వారంటీ లోపమున్న భాగానికే గానీ మొత్తం కారుకు కాదని 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాటరీ ఉచితంగా మార్చాలి, లేదా మీరు కట్టిన డబ్బు వడ్డీతో ఇవ్వాలి, బండి ఆగిన రోజుల అద్దె ఖర్చు, కొంత పరిహారం, ఇంతే అడగండి. అడిగింది కొండంత అయితే ఇవ్వాల్సింది కూడా చిన్నబోతుంది. 8 ఏళ్లు లేదా 1,60,000 దాటాక అరిగిపోయిన బ్యాటరీ ఖర్చు మీదే, అక్కడ చట్టం ఆదుకోదు. ఈ బండి ఇంకా ఉంచుకోవాలనుకుంటే ఆ రోజుకు ఇప్పటి నుంచే కొంత పక్కన పెట్టుకోండి.

ఇక పెట్రోల్ మిగిలిందన్న మాట. లీటరుకు 14 ఇచ్చే కారు బదులు 21 ఇచ్చేది లక్ష కిలోమీటర్లు నడిపితే దాదాపు 2,380 లీటర్లు మిగులుతాయి. లీటరు 107 చొప్పున రెండున్నర లక్షలు. మిగిలింది నిజమే. ఆ మైలేజీ కోసమే మీరు బండికి ఎక్కువ ధర పెట్టారు, వారంటీ కూడా అదే ధరలో అమ్మారు. కమిషన్ ముందు వాళ్లు ఈ మాట అంటే మీ వకీలుకు పెద్ద శ్రమ ఉండదు.