ముందు గుమ్మం ఎక్కడుందో చెప్పు

అమ్మాయీ,

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మూడో పేజీ దాటేసరికి పక్కన పడేద్దామనిపించింది. నాలుగో పేజీలో మీ నాన్నగారు వచ్చారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు కోపం సంగతి. కమానులు ఇస్లామ్‌కు, స్తంభాలు అజంతా ఎల్లోరాలకు, గులాబీరంగు రాయి దక్కన్ నేలకు, అన్నీ కలిపి మత సామరస్యానికి ప్రతీక అని రాశావు. తప్పని అనను. ఉస్మానియా గురించి వచ్చే ప్రతి టూరిస్టు కరపత్రంలోనూ ఉన్నదే అది. కరపత్రంలో ఉన్నది మళ్లీ రాయడానికి నువ్వెందుకు? నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఆర్కిటెక్టుల్ని దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. వాళ్లు ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం ఆర్కిటెక్టుని తీసుకొచ్చారు. కైరో పక్కన హీలియోపోలిస్‌లో ప్యాలెస్ హోటల్ కట్టినవాడు. ఇక్కడి కమాను, అక్కడి స్తంభం కలపమన్నది డబ్బు పెట్టే దొరలు చెప్పిన పని. చెప్పినట్టు చేశాడు, బాగానే చేశాడు. కానీ 1934లో పునాది వేసి 1939లో తెరిచిన ఆ భవనానికి అర్థం వచ్చింది ఆ అలంకారాలతో కాదు.

మీ నాన్నగారి దగ్గరికి వస్తాను. "మెట్ల దగ్గర నాన్న చెప్పులు విప్పబోయాడు, నేను వద్దన్నాను" అని ఒక్క వాక్యం రాసి మళ్లీ స్తంభాల్లోకి వెళ్లిపోయావు. ఎంత అన్యాయం! ఆయనకు అది గుడి అని ఎవరు చెప్పారు? లోపల దేవుడు లేడని ఆయనకు తెలియదా? దూరం నుంచి తిన్నగా వచ్చే రోడ్డు, ఎత్తు మీద కూర్చున్న కట్టడం, వెడల్పాటి మెట్లు, అంతస్తులు దాటి లేచిన కమాను. మనిషి దగ్గరికి వచ్చేకొద్దీ చిన్నవాడైపోతాడు. చెయ్యి దానంతటదే చెప్పుల మీదికి పోతుంది. జాస్పర్ చేసిన పని అది. దాన్ని పట్టుకున్నది నీ వ్యాసంలో ఆ ఒక్క వాక్యమే. ఇంకోటి, నువ్వెందుకు వద్దన్నావు? నలుగురూ చూస్తారని సిగ్గేసిందా? అదీ రాయలేదు.

ఆర్కిటెక్టు భవనానికి అర్థం ఇచ్చేది శరీరం ద్వారా. ఎక్కడ ఆగాలి, ఎక్కడ తల వంచాలి, ఎండలోంచి నీడలోకి ఎన్ని అడుగుల్లో రావాలి, ఎవరు ఏ గుమ్మంలోంచి రావాలి, వీటన్నిటినీ నిర్ణయించేది ఆయనే. తామర ఆకారం, స్తూపం ఆకారం, వీణ ఆకారం, ఇవన్నీ ప్రారంభోత్సవంనాడు మైకులో చెప్పుకునే మాటలు. 2016లో అమరావతి శాసనసభకు జపాన్ సంస్థ మాకి గీసిన బొమ్మ బయటికి రాగానే పొగగొట్టాల్లా ఉన్నాయని మనవాళ్లు నవ్వారు. గీసినవాళ్ల మనసులో ఏముందో ఎవరికి కావాలి? తర్వాత లండన్‌లోని ఫోస్టర్ సంస్థ వచ్చి 250 మీటర్ల సూదికొప్పు గీసింది. దాన్నీ ఏదో ఒకదానితో పోలుస్తారు. ఆ డిజైన్‌లో నాకు ఆసక్తి ఉన్నది కొప్పు మీద కాదు, మామూలు జనం పైకి ఎక్కి చూసే దారి ఇచ్చారే, దాని మీద. కట్టాక ఆ దారి తెరిచి ఉంచుతారా, గేటు వేస్తారా అన్నదాన్నిబట్టి ఆ భవనం ఏమిటో తెలుస్తుంది.

ఇది నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా తాత తాపీ మేస్త్రీ. మా ఊళ్లో ఒక పెద్ద మండువా ఇంటికి గోడలు లేపింది ఆయన, ఆయన తమ్ముడు. గృహప్రవేశం రోజు వాళ్లకు భోజనం అరుగు కింద, వీధిలో విస్తళ్లు వేసి పెట్టారు. అరుగు ఎంత ఎత్తు ఉండాలో తాత కొలిచి కట్టిందే. అరుగు దాకా ఒకరు, వసారా దాకా ఒకరు, మండువా దాకా ఒకరు, వంటింటి దాకా ఇంకొకరు. ఆ ఇంటి ప్లాన్ గీస్తే ఊరు మొత్తం కనపడుతుంది. కుర్రతనంలో ఇదంతా రాసి ఒక ఆదివారం అనుబంధానికి పంపాను. ఎడిటరుగారు తాత ఉన్న పేరా మొత్తం కోసేసి, మండువాలో పడే వాన, తులసికోట, అమ్మమ్మ అప్పడాలు మాత్రం ఉంచి (అప్పడాలు నేను రాయనే లేదు!) పైన 'లోగిలి జ్ఞాపకాలు' లాంటి శీర్షిక పెట్టి అచ్చేశారు. మెచ్చుకుంటూ బోలెడు ఉత్తరాలు వచ్చాయి. ఒక్కటీ నాకు రాసింది కాదు. ఆ ఎడిటరుగారు పోయి చాలాకాలమైంది గానీ ఆ అప్పడాల ఫ్యాషన్ పోలేదు. ఇప్పటికీ మండువా అనగానే చల్లదనం, గాలి, వెలుతురు అంటారు. చల్లదనం నిజమే. ఎవరికి అన్నది అడగరు.

నువ్వు అడుగు.

ఆర్ట్స్ కాలేజీనే తీసుకో. దేశభాషలో ఉన్నత విద్య చెప్పగలమని ఉర్దూ మాధ్యమంతో పెట్టిన విశ్వవిద్యాలయం. గొప్ప ఆలోచనే. కానీ కాలేజీ కట్టడం పూర్తికాక ముందే, 1938లో వందేమాతరం పాడారని అక్కడి విద్యార్థులను బయటికి పంపేశారు. పీవీ నాగపూర్ వెళ్లి చదువుకోవాల్సి వచ్చింది అప్పుడే. సామరస్యం స్తంభాల్లో చెక్కి ఉంటే సరిపోతుందా? తర్వాత 1969లోనూ, 2009లోనూ తెలంగాణ కోసం విద్యార్థులు పోగైంది ఆ భవనం ముందే. రాజుగారి వైభవం దూరానికి కనపడాలని వదిలిన ఖాళీ జాగా, వేలమంది నిలబడి ప్రభుత్వాన్ని నిలదీయడానికి పనికొచ్చింది. మెట్లు వేదిక అయిపోయాయి. జాస్పర్ కలలో కూడా అనుకొని ఉండడు. కానీ ఆయన అంత ఖాళీ, అంత వెడల్పు మెట్లు ఇవ్వకపోతే? నీ వ్యాసంలో ఈ ఊసే లేదు. రోజూ ఆ మెట్ల మీదినుంచి వెళ్తూ!

అలంకారం ఏమీ లేకుండా అర్థం ఇవ్వడం ఎలాగో చూడాలంటే వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకం ఉంది. వర్జీనియాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు చూశాను. 1981లో పోటీ పెడితే 1,400కు పైగా డిజైన్లు వచ్చాయి. ఎవరు గీశారో తెలియకుండా నంబర్లతో చూసి ఎంచితే గెలిచింది మాయా లిన్, యేల్‌లో ఇంకా చదువుకుంటున్న 21 ఏళ్ల పిల్ల. రెండు నల్లరాతి గోడలు, ఒక్కోటి 75 మీటర్ల పొడవు. కలిసేచోట మూడు మీటర్ల ఎత్తు, చివరలకు పోయేసరికి జానెడు. రాయి మన బెంగళూరు వైపు క్వారీలదే. నడుస్తుంటే నేల మెల్లగా దిగిపోతుంది, గోడ పాదాల దగ్గరినుంచి మొదలై తల మీదికి వచ్చేస్తుంది. గోడల మీద 58,000కు పైగా పేర్లు. అక్షర క్రమంలో కాదు, హోదా ప్రకారం కాదు, చనిపోయిన క్రమంలో. మధ్య మూలలో మొదలై కుడి చివరకు పోయి, మళ్లీ ఎడమ చివరనుంచి మధ్యకు వస్తాయి. అందుకని మొదట పోయినవాళ్లు, చివర పోయినవాళ్లు ఒకే మూలలో పక్కపక్కన ఉంటారు. రాయిని అద్దంలా పాలిష్ పట్టించింది. పేరు చదివేవాడికి ఆ పేరు మీద తన మొహమే కనపడుతుంది. ఒక పెద్దాయన వేలితో పేర్లు తడుముతూ వెళ్తుంటే మా అల్లుడు ఫోన్ జేబులో పెట్టేశాడు. ఎవరూ చెప్పలేదు.

ఇది స్మారకం కాదు, సిగ్గుచేటు అని అప్పట్లో గొడవ చేశారు. చివరికి కొంచెం దూరంలో ముగ్గురు సైనికుల విగ్రహం పెట్టి శాంతించారు. విగ్రహం దగ్గర జనం ఫొటో దిగుతారు. గోడ దగ్గర వేలు పెడతారు.

మన దగ్గర అలాంటిది సబర్మతిలో ఆర్కిటెక్టు చార్లెస్ కొరియా కట్టిన గాంధీ మ్యూజియం. 1963లో నెహ్రూ తెరిచారు. ఆరు మీటర్ల చదరాలు, ఇటుక పిల్లర్లు, పెంకు కప్పు, రాతి నేల, చెక్క తలుపులు. అద్దాల కిటికీలు లేవు. కొన్ని చదరాలకు గోడలు, కొన్నిటికి లేవు, మధ్యలో నీళ్లు. ఇదే ముఖద్వారం అని ఎటునుంచీ అనిపించదు. ఇటునుంచి రా, అటునుంచి పో, కూర్చో, నిన్ను చిన్నవాణ్ని చేసేది ఏదీ లేదు. గాంధీ గురించి అంత సూటిగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు. ఇదే కొరియా తర్వాత జైపూర్‌లో జవహర్ కళా కేంద్రం కట్టాడు, తొమ్మిది గ్రహాలకు తొమ్మిది చదరాలు, రాజు జైసింగ్ కట్టించిన జైపూర్ నగరంలో జరిగినట్టే ఒక చదరం పక్కకు జరిపి. ప్లాన్ చూస్తే అబ్బ అంటాం. లోపల నడిచేవాడికి తొమ్మిది ఎక్కడ కనపడతాయి? అతనికి కనపడేది ఎత్తు గోడలు, ఒక ముంగిలినుంచి ఇంకో ముంగిలికి దారి. బాగుంటాయి కూడా. కానీ రాసేవాళ్లందరూ గ్రహాల గురించే రాస్తారు.

అందుకే నువ్వు జతచేసిన డ్రోన్ ఫొటోలు నాకు నచ్చలేదు. ఆ ఎత్తున ఎవరు నిలబడతారు? గద్దలా? ఈమధ్య పత్రికలకు పైనుంచి తీసిన ఫొటో లేకపోతే పేజీయే నిండదు.

ఆర్కిటెక్చర్ చదవకుండా వీటి మీద రాయొచ్చా అని అడిగావు. మా తాత చదివాడా? పుస్తకం ఎవరు వేస్తారు, ముందుమాట రాస్తారా లాంటివి అడిగావు. అవి తర్వాత చూద్దాం. నీ వాక్యం బాగుంది, చదివిస్తుంది. అది చాల్లే, ఎక్కువ చెబితే పాడైపోతావు.

మొదటి మూడు పేజీలు తీసెయ్. ఇంకోసారి మీ నాన్నగారిని తీసుకెళ్లు, ఈసారి ఏమీ వద్దనకు. ఆయన ఎక్కడ ఆగారో, ఎటు చూశారో, లోపలికి వచ్చాక గొంతు తగ్గించి మాట్లాడారో లేదో రాసుకో. ఫొటోలు వద్దు, ప్లాన్ గీసి పంపు. స్కేలుకి లేకపోయినా ఫర్వాలేదు, గుమ్మాలు, మెట్లు తెలిస్తే చాలు. ఈమెయిల్ అయినా సరే, అక్షరాలు కొంచెం పెద్దవిగా పెట్టు, నా కళ్లద్దాలు మార్చాలి. దసరా దాటాక పంపితే మంచిది, అప్పటిదాకా నేను ఊళ్లో ఉండను.

ఆశీస్సులతో,
మీ సార్