100 కిలోమీటర్ల దూరానికి శాన్‌ను (సర్వర్లను స్టోరేజీతో కలిపే నెట్‌వర్క్‌ను) పొడిగిస్తే రెప్లికేషన్ (డేటాను అవతలి చోటా కాపీ చేయడం) ఎందుకు నెమ్మదిస్తుంది?

లింక్ అప్‌లోనే ఉంది, ఎర్రర్లూ లేవు, అయినా డేటా నత్తనడక నడుస్తోందంటే ముందు బఫర్ క్రెడిట్లు చూడండి. శాన్‌లో డేటాను మోసే ఫైబర్ ఛానెల్‌లో అవతలి పోర్టు దగ్గర ఎన్ని బఫర్లు (వచ్చిన డేటాను కాసేపు ఉంచే చోట్లు) ఖాళీగా ఉంటే అన్ని ఫ్రేములే (డేటా ముక్కలే) పంపగలం; ఆ లెక్కే క్రెడిట్లు. అక్కడ బఫర్ ఖాళీ అయిందని కబురు వస్తేనే ఇంకో ఫ్రేము కదులుతుంది.

ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు పడుతుంది. అంటే 100 కిలోమీటర్లు వెళ్లి రావడానికి 1 మిల్లీసెకను. ఆ సేపంతా 8 గిగాబిట్ల లింకు నిండుగా ఉండాలంటే, 2 కేబీ ఫ్రేములతో దాదాపు 400 క్రెడిట్లు కావాలి. పోర్టుకు 8 మాత్రమే ఉంటే లింకులో 2 శాతమే వాడుకున్నట్టు! ఫ్రేములు చిన్నవైతే క్రెడిట్లు ఇంకా ఎక్కువ కావాలి. అందుకే ఆ పోర్టును లాంగ్ డిస్టెన్స్ మోడ్‌లో పెట్టి, అసలు కేబుల్ పొడవు ఇవ్వాలి. మ్యాపులో కనిపించే దూరం కాదు సుమా, కేబుల్ చుట్టూ తిరిగి వెళ్తుంది.

క్రెడిట్లు పెంచినా ఆలస్యం మాత్రం తగ్గదు. సింక్రనస్ రెప్లికేషన్‌లో ప్రతి రైటూ అవతలి జవాబు కోసం ఆగాల్సిందే. స్టోరేజీకి ఆదేశాలిచ్చే స్కజీ ప్రోటోకాల్‌లో మామూలు రైటుకైతే రెండుసార్లు వెళ్లి రావాలి. హైదరాబాద్–ముంబై లాంటి దూరాలకు ఎఫ్‌సీఐపీ (ఐపీ నెట్‌వర్క్ మీదుగా ఫైబర్ ఛానెల్) మీద, జవాబు కోసం ఆగని అసింక్రనస్ రెప్లికేషన్ పెట్టుకోవడమే నయం.