ఇంగ్లండ్ పెద్ద ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్‌లో ఆడిన స్పెయిన్ ఆటగాడు సాంటీ కజోర్లా చివర్లో స్పెయిన్‌లోని ఒవియెడో లాంటి చిన్న క్లబ్‌కి ఎందుకెళ్ళాడు?

డబ్బు కోసమైతే కాదండి, అది అతను చిన్నప్పుడు ఆట నేర్చుకున్న క్లబ్. 2016లో గాయమయ్యాక ఇన్ఫెక్షన్ సోకి మడమ దగ్గర టెండన్‌ని (కండరాన్ని ఎముకకి కలిపే పట్టీ) చాలావరకు తినేసింది, చేతి మీద కూతురి పేరున్న టాటూ చర్మం తీసి కాలికి అతికించారు, మళ్ళీ నడిస్తే అదే గొప్ప అన్నారు డాక్టర్లు. 2018లో ఆర్సెనల్ కాంట్రాక్ట్ అయిపోయింది, స్పెయిన్ క్లబ్ విల్లారియల్‌కి వెళ్ళి ఎంత బాగా ఆడాడంటే మళ్ళీ స్పెయిన్ టీమ్‌లోకొచ్చాడు, తర్వాత ఖతార్‌లో ఆడాడు. 2023లో ఒవియెడోకొచ్చేసరికి అది సెకండ్ డివిజన్‌లో ఉంది, కనీస జీతానికే ఒప్పుకున్నాడు, తన జెర్సీ అమ్మకాల్లో కొంత కుర్రాళ్ళ అకాడమీకి ఇవ్వమన్నాడు. ఇలాంటోళ్ళు అరుదు. 2025లో పై డివిజన్‌కి వెళ్ళడానికి జరిగే ప్లేఆఫ్ ఫైనల్లో 40 ఏళ్ళ వయసులో పెనాల్టీ గోల్ కొట్టాడు, 24 ఏళ్ళ తర్వాత ఒవియెడో స్పెయిన్ టాప్ డివిజన్ లా లీగాకి వెళ్ళింది.