నడవగలిగితే దివ్యాంగుల పార్కింగ్ వాడుకోకూడదా?

ప్రశ్న: నా వయసు 36. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. నాకు మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బు ఉంది. చూడ్డానికి మామూలుగానే కనిపిస్తాను. యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు ఉంది, కానీ వైకల్యం 35 శాతమే వేశారు, 40 లోపువారికిచ్చే తెల్ల కార్డు. ఈ మధ్య ఒక షాపింగ్ మాల్ సెల్లార్‌లో వీల్‌చైర్ బొమ్మ ఉన్న చోట కారు పెట్టి దిగితే సెక్యూరిటీ అతను ఆపాడు. కార్డు తీసి చూపించాను. ఈలోపు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉండే ఒకాయన వచ్చి ఆ కార్డు చూసి కూడా "దర్జాగా నడుస్తున్నావు, నీకేం రోగం? నలభై శాతం కూడా లేదు, దొంగ సర్టిఫికెట్" అని పదిమందిలో అరిచాడు. వీడియో తీసి, "వికలాంగుల చోటు కాజేసే టీచరమ్మ" అని రాసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పైగా నామీదే కేసు పెడతాడట. మావారేమో "పోనీలే, ఇకనుంచి మామూలు చోటే పెట్టుకుందాం" అంటున్నారు. నేను అక్కడ కారు పెట్టడం తప్పా? ఏదైనా స్టిక్కర్ కానీ పర్మిట్ కానీ తీసుకోవాలా? ఆయన మీద కేసు పెట్టొచ్చా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తప్పు కాదు. ఆ నలభై శాతం గొడవ ముందు తేల్చేద్దాం, మిగతావన్నీ దానిమీదే ఆధారపడి ఉన్నాయి.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 రెండు రకాల మనుషుల గురించి మాట్లాడుతుంది. సెక్షన్ 2(ఎస్) ప్రకారం దీర్ఘకాలిక శారీరక, మానసిక, మేధోపరమైన లేదా ఇంద్రియ లోపం ఉండి, చుట్టూ ఉన్న అడ్డంకుల వల్ల మిగతావారితో సమానంగా సమాజంలో పాలుపంచుకోలేకపోతున్నవారంతా దివ్యాంగులే. అక్కడ శాతం అనే మాటే లేదు. 40 శాతం వచ్చేది సెక్షన్ 2(ఆర్)లో. ఉద్యోగాల్లో, ఉన్నత విద్యలో రిజర్వేషన్ లాంటి కొన్ని ప్రత్యేక ప్రయోజనాలకే ఆ గీత. రాంపు, లిఫ్టు, పార్కింగ్ లాంటి సౌకర్యాలు చట్టంలో వేరే అధ్యాయంలో, సెక్షన్ 40 నుంచి ఉన్నాయి. అవి దివ్యాంగులందరివీ.

ఇది నా సొంత భాష్యం కాదు. చేతిరాతకు వేళ్లు సహకరించని ఒక అభ్యర్థి సివిల్స్ పరీక్షకు స్క్రైబ్‌ను (తన బదులు జవాబులు రాసిపెట్టే మనిషిని) అడిగితే, 40 శాతం వైకల్యం లేదని కాదన్నారు. వికాస్ కుమార్ కేసు అది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. రిజర్వేషన్‌కు పెట్టిన గీతను మిగతా హక్కులకు కూడా లాగకూడదని చెప్పింది. స్క్రైబ్‌కు వర్తించిన ఆ తర్కం పార్కింగ్‌కు వర్తించదనడానికి నాకైతే కారణం కనబడదు. మీ జబ్బు మల్టిపుల్ స్క్లిరోసిస్ చట్టం షెడ్యూల్‌లోని 21 వైకల్యాల్లో పేరుతో సహా ఉంది. పార్కిన్సన్స్, హీమోఫీలియా, తలసీమియా, సికిల్ సెల్ కూడా అందులోవే. వీటిలో చాలావరకు మనిషిని చూసి పోల్చుకోలేం.

ఇక ఆ వీల్‌చైర్ బొమ్మ. అది చూసి చక్రాల కుర్చీ ఉంటేనే ఆ చోటు అనుకుంటారు జనం. నిర్మాణ ప్రమాణాలు చూడండి. ఆ స్లాట్ వెడల్పు కనీసం 3.6 మీటర్లు ఉండాలి, భవనం ప్రవేశ ద్వారానికి 30 మీటర్లలోపే ఉండాలి. వెడల్పు ఎవరి కోసం? డోరు పూర్తిగా తీసి వీల్‌చైర్ దింపుకునేవారి కోసం. మరి ఆ 30 మీటర్లు? ఎక్కువ దూరం నడవలేనివారి కోసం. మీలాంటి జబ్బున్నవాళ్లలో చాలామంది లోపలికి బాగానే నడుస్తారు. అరగంట నిలబడి బిల్లు కట్టి, ఆ సెల్లార్ ఉక్కపోతలోకి తిరిగొచ్చేసరికి కాళ్లు మాట వినవు. వేడి తగిలితే లక్షణాలు పెరగడం ఈ జబ్బులో డాక్టర్లందరికీ తెలిసిన సంగతే. వీడియో తీసేవాడికి మీరు కారు దిగడం ఒక్కటే కనబడింది.

జనానికి అనుమానం ఊరికే రాలేదు, అదీ ఒప్పుకోవాలి. దొంగ సదరం సర్టిఫికెట్ల మాట రెండు రాష్ట్రాల్లోనూ విన్నదే. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో దివ్యాంగుల పింఛన్లను మళ్లీ పరిశీలించారు. కానీ సర్టిఫికెట్‌లో తేడా ఉందనిపిస్తే తేల్చాల్సింది మెడికల్ బోర్డు. సెల్లార్‌లో ఫోన్ పట్టుకున్నవాళ్లకు ఆ పని ఎవరూ అప్పగించలేదు.

స్టిక్కర్ సంగతి. అమెరికాలో ఉన్న మన బంధువుల కార్లలో అద్దానికి వేలాడే నీలం ప్లకార్డు మీరూ చూసే ఉంటారు. ఇంగ్లండ్‌లో అయితే బ్లూ బ్యాడ్జ్ ఇస్తారు, 2019 ఆగస్టు 30 నుంచి కంటికి కనిపించని వైకల్యాలున్నవారు కూడా దానికి దరఖాస్తు చేసుకునేలా నిబంధనలు మార్చారు. మన దేశంలో అలాంటి ఉమ్మడి పార్కింగ్ పర్మిట్ లేదు. ఆన్‌లైన్‌లో అమ్మే నీలం స్టిక్కర్లకు చట్టం దృష్టిలో విలువేమీ లేదు, ఎవరైనా కొనొచ్చు. కారు మీ పేరు మీదే ఉంటే రిజిస్ట్రేషన్‌లో యాజమాన్యం రకాన్ని 'దివ్యాంగజన్' అని నమోదు చేయించుకోవచ్చు, 2020 అక్టోబర్‌లో ఫారం 20 మార్చి ఆ వీలు కల్పించారు. అది లేకపోయినా పర్లేదు, మీ రుజువు యూడీఐడీ కార్డే. దాని జిరాక్స్ మాత్రం డాష్‌బోర్డు మీద పెట్టకండి. మీ పేరు, వైకల్యం రకం దారినపోయే అందరికీ ఎందుకు? ఇంకొకటి, ఆ చోటు మీది, కారుది కాదు. మీవారు ఒక్కరే వెళ్లినప్పుడు అక్కడ పెట్టకూడదు.

మాల్ వాళ్లు కార్డు అడగొచ్చా అంటే, ఒకసారి మర్యాదగా అడగడంలో తప్పు లేదు. చూపించాక కూడా "వీల్‌చైర్ ఏది?" అంటేనే సెక్షన్ 3 కింద వివక్ష అవుతుంది. సెక్యూరిటీ అతని మీదకు వెళ్లకండి. పన్నెండు గంటల డ్యూటీలో నిలబడే మనిషికి ఆ బొమ్మ తప్ప ఎవరూ ఏమీ చెప్పి ఉండరు. బాధ్యత మేనేజ్‌మెంట్‌ది. చట్టాన్ని ఉల్లంఘించిన సంస్థకు సెక్షన్ 89 కింద మొదటిసారి 10 వేల వరకు, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల వరకు జరిమానా ఉంది.

మీ పొరుగాయన మీద కేసు విషయం కాస్త జాగ్రత్తగా చూడాలి. సెక్షన్ 92(ఎ) ప్రకారం, జనం చూసేచోట దివ్యాంగులను అవమానించాలనే ఉద్దేశంతో కావాలని దూషించినా బెదిరించినా కనీసం 6 నెలలు, గరిష్ఠంగా 5 ఏళ్లు జైలు, జరిమానా. ఇక్కడా 40 శాతం షరతు లేదు. సెల్లార్ 'జనం చూసేచోటే'నా? ఎస్సీ, ఎస్టీ చట్టంలోనూ ఇదే మాట ఉంది. గేటు దగ్గర ఆపిన కారు పక్కన నిలబడ్డ వ్యక్తిని కులం పేరుతో తిట్టడం దాని కిందికి వస్తుందని స్వరణ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. పదిమంది తిరిగే మాల్ పార్కింగ్‌కు ఇబ్బంది ఉండదు.

అసలు చిక్కు ఉద్దేశం దగ్గర. "ఆమెకు వైకల్యం ఉందని నాకు తెలియదు, ఎవరి చోటో ఆక్రమించిందనుకున్నా" అంటాడు ఆయన లాయర్. కనిపించని వైకల్యం ఉన్న కేసుల్లో మొదటి వాదన ఇదే అవుతుంది, అందులో కొంత పస కూడా ఉంది. మీకు కలిసొచ్చేది, ఆయన కార్డు చూశాక అరిచాడు. "నలభై కూడా లేదు" అనడమే కార్డు చదివాడనడానికి సాక్ష్యం. ఆ మాట వీడియోలో రికార్డయి ఉంటే మీ కేసు గట్టిది. లేకపోతే సెక్యూరిటీ అతనే మీకు ముఖ్య సాక్షి, అతనితో గొడవ వద్దనడానికి ఇదీ ఒక కారణం.

ఆయన మీమీద పెడతానంటున్నది బహుశా సెక్షన్ 91. 40 శాతం పైబడినవారికి ఉద్దేశించిన ప్రయోజనాన్ని మోసంతో పొందితే 2 ఏళ్ల వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా లేదా రెండూ. మీది బోర్డు ఇచ్చిన కార్డు, వాడుకున్నది అందరికీ ఉన్న సౌకర్యం. మోసం ఎక్కడుంది? టెన్షన్ పడకండి.

వాట్సాప్ వీడియో పరువునష్టం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356. దీనికి పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టరు, మేజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. నేనైతే ముందు లాయర్ నోటీసు ఇప్పిస్తాను: వారంలో వీడియో తీసేసి, అదే గ్రూపులో క్షమాపణ రాయాలని. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండాల్సినవాళ్లు, అంతటితో ఆగితే మీకే మేలు. నోటీసు అందాక కూడా కొనసాగిస్తే, ఇక తెలియదనే సాకు కూడా ఆయనకు మిగలదు.

అప్పుడు పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. సెక్షన్ 92(ఎ)కి శిక్ష మూడేళ్లకు మించి, ఏడేళ్లలోపు ఉంది కాబట్టి బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 173(3) కింద, పై అధికారి అనుమతితో, ముందు 14 రోజుల ప్రాథమిక విచారణ చేస్తామనొచ్చు. అది తిరస్కరించడం కాదు. ఫిర్యాదు తీసుకోకపోతే డీసీపీకి రాతపూర్వకంగా పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేట్. మాల్ మీద ఫిర్యాదు మాత్రం రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు వెళ్తుంది, దానికి లాయర్ అవసరం లేదు, మీరే రాయొచ్చు.

వీటన్నిటికన్నా ముందు, ఈరోజే, సీసీటీవీ ఫుటేజీ భద్రపరచమని మాల్ మేనేజర్‌కు ఈమెయిల్ పెట్టండి. తేదీ, సమయం, సెల్లార్ నంబర్ రాయండి. పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కేస్తుంది, ఇప్పటికే కొన్ని రోజులు పోయాయి. గ్రూపులోని వీడియోను ఫోన్‌లో సేవ్ చేసి, ఆయన నంబరు, టైము కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ఆ ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు కోర్టులో ఇవ్వాల్సిన, భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్‌కు అదే ఆధారం.