అందరూ ఒకే మ్యాచ్ చూస్తుంటే టవర్ ఒక్కసారే పంపొచ్చుగా?

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర టీ కొట్టు ముందు పదిమంది పది ఫోన్లలో ఒకే మ్యాచ్ చూస్తుంటే, టవర్ అదే వీడియోని పదిసార్లు పంపడం దేనికని మీ ప్రశ్న.

పంపక్కర్లేదు. మామూలుగా ఫోనుకొక స్ట్రీమ్ వెళ్తుంది, అందుకే బంతి బౌలర్ చేతిలో ఉండగానే తెర మీద చక్రం తిరుగుతుంది. 4జీకి ఈఎంబీఎంఎస్ అనే పద్ధతి, మొబైల్ నెట్‌వర్క్ ప్రమాణాలు రాసే 3జీపీపీ విడతలవారీగా తెచ్చే నిబంధనల్లో, రిలీజ్ 9లోనే వచ్చింది: ఒక్కసారి పంపితే అందరూ పట్టుకుంటారు.

అసలు కిటుకు పక్క టవర్లలో ఉంది. పటమట టవరూ మొగల్రాజపురం టవరూ టైమింగ్ కలుపుకొని, ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకే సిగ్నల్ పంపితే, ఎప్పుడూ అడ్డుతగిలే పక్క సిగ్నలే తోడవుతుంది. దూరం నుంచి లేటుగా వచ్చేదీ కలిసిరావాలి కదా, అందుకని సింబల్ (ఒక్కోసారి పంపే సిగ్నల్ ముక్క) ముందు రక్షణగా ఉంచే వ్యవధిని దాదాపు 4.7 నుంచి 16.7 మైక్రోసెకన్లకు పెంచుతారు. అంటే సుమారు 5 కిలోమీటర్ల దూరం తేడా వచ్చినా ఫర్వాలేదు. రెండు టవర్ల నడుమ ఇరుక్కున్నవాళ్లకే ఎక్కువ లాభం.

చిక్కల్లా, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నవాడికి అందేలా అందరి వేగమూ తగ్గించాలి. దారిలో పోయిన ప్యాకెట్‌ని (డేటా ముక్కని) అప్పటికప్పుడు ఫోన్ మళ్లీ అడగలేదు, కాబట్టి పోయినవాటిని మిగతావాటి నుంచి తిరిగి రాబట్టే రాప్టర్ కోడ్‌తో కొన్ని అదనంగా ముందే పంపుతారు.

చూసేది ఇద్దరే అయితే ఇదంతా దండగ. రిలీజ్ 12లో చూసే జనాన్ని బట్టి మామూలు స్ట్రీమ్‌కీ దీనికీ మధ్య అటూఇటూ మారే వీలు పెట్టారు. అయితే ఫోన్‌లో కూడా ఈ సదుపాయం ఉండాలి, చాలావాటిలో ఉండదు.