పాముకు పాదాలు

ప్రశ్న: చైనా భాష నేర్చుకుంటున్న మా అమ్మాయి ‘పాముకు కాళ్లు గీయడం’ అనే జాతీయాన్ని తరచూ వాడుతోంది. ఇదీ, మన ‘పాము కాళ్లు పాముకే ఎరుక’ అనే సామెతా ఒకటేనా?
– ఒక పాఠకురాలు, తార్నాక, హైదరాబాదు

జవాబు: ఒకటి కాదు. మన సామెతలో పాముకు కాళ్లు ఎక్కడో ఉన్నాయని, ఆ గుట్టు దానికే తెలుసునని ఒప్పుకుంటాం. చైనావారి జాతీయానికి ప్రాణమంతా పాముకు కాళ్లు లేకపోవడంలోనే ఉంది.

‘హువా షె థియెన్ జు’ అనే ఈ నాలుగు అక్షరాలకు వరుసగా గీయడం, పాము, చేర్చడం, పాదం అని అర్థం. దీని కథ క్రీ.పూ. 1వ శతాబ్దంలో లియూ షియాంగ్ కూర్చిన ‘జాన్ గ్వో త్సె’ అనే గ్రంథంలో ఉంది. ప్రాచీన చైనాలోని చూ రాజ్యంలో ఒకాయన పూజ ముగించి, తన పరివారానికి ఒక పాత్రలో మద్యం ఇచ్చాడట. అందరూ తాగితే చాలదు, ఒక్కరు తాగితే మిగులుతుంది. అందువల్ల నేల మీద పామును ముందుగా గీసినవాడే తాగాలని వారు పందెం వేసుకున్నారు. ముందుగా ముగించినవాడు ఎడమచేత పాత్ర పట్టుకొని, ‘కాళ్లు కూడా పెట్టగలను’ అంటూ కుడిచేత్తో ఇంకా గీస్తుండగా, రెండోవాడు తన పామును పూర్తిచేసి పాత్ర లాక్కొని, ‘పాముకు కాళ్లు లేవు, నువ్వెలా పెడతావు?’ అని గటగటా తాగేశాడు.

ఈ కథ చెప్పిన సందర్భం మరింత పదునైనది. వెయ్ రాజ్యాన్ని ఓడించి 8 పట్టణాలు గెలుచుకున్న చూ సేనాపతి జావ్ యాంగ్ ఆ ఊపులోనే చీ రాజ్యం మీదికి బయలుదేరగా, చీ తరఫున రాయబారిగా వచ్చిన చెన్ జెన్ అతనికి ఈ కథ వినిపించాడు. ఇంకా గెలిచినా అంతకు మించి ఎక్కడానికి పదవి లేదు, ఓడితే మాత్రం ప్రాణమూ హోదా రెండూ పోతాయి అన్నది అతని వాదం. జావ్ యాంగ్ సేనను వెనక్కు మళ్లించాడు.

కాబట్టి దీన్ని కేవలం ‘అనవసరమైన పని’ అని అనువదిస్తే సగం అర్థమే వస్తుంది. చేతికి అందినది జారిపోవడం కూడా అందులో ఉంది. ‘వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది’ అన్న మాట ఇక్కడ అతకదు, ఎందుకంటే అక్కడ బొమ్మే కుదరలేదు. ‘కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది’ అన్నది కొంత దగ్గరే గాని, అక్కడ మందు వేయడానికి ఏదో బాధ ఉంది. పాముకు ఏ లోటూ లేదు.

వాడుకలో ఇది ఎక్కువగా రచనలు, బొమ్మలు, అలంకరణల గురించి వినిపిస్తుంది. చక్కగా కుదిరిన దమ్ బిర్యానీ మీద చెర్రీ పండ్లు పేర్చే మన నగరపు విందులను చూసినా మీ అమ్మాయి ఈ మాట నిస్సంకోచంగా అనవచ్చు. అయితే ఎదుటివారి పని గురించి అంటే విమర్శ అయ్యే ఈ మాటే, తన గురించి అనుకున్నప్పుడు వినయం అవుతుంది: మన సభల్లో ‘చివరగా ఒక్క మాట’ అనే చోట, చైనా వక్త ‘పాముకు కాళ్లు గీస్తున్నానేమో గాని’ అని మొదలుపెట్టి మరో రెండు మాటలు చెబుతాడు.