యార్క్‌కి ఒక్క రోజు చాలు, కానీ చిప్స్ దేంట్లో వేయించారో అడిగి తినండి

ప్రశ్న ఇదీ: "అబ్బాయి ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో చదువుతున్నాడు. మే నెలలో మేమిద్దరం, మా అత్తగారు వెళ్తున్నాం. యార్క్ ఒక్క రోజులో చూసి రావచ్చా? ఆ పెద్ద చర్చి కాక ఇంకేముంది? అత్తగారు గుడ్డు కూడా ముట్టరు, ఆవిడ తిండి సంగతేంటి?"

రావచ్చండీ. లీడ్స్ నుంచి రైల్లో అరగంట ప్రయాణం. కాకపోతే మామూలు పనిరోజు చూసుకుని వెళ్లండి. ఆదివారం ప్రార్థనలుంటాయి కాబట్టి మీరన్న ఆ పెద్ద చర్చి, యార్క్ మిన్‌స్టర్‌లోకి సందర్శకులను మధ్యాహ్నం దాకా వదలరు. శనివారం సందులన్నీ కిక్కిరిసి ఉంటాయి. దానికి తోడు గుర్రప్పందాల రోజు కూడా కలిసిందంటే, సాయంత్రం స్టేషన్లో తాగి తూలేవాళ్ల మధ్య నుంచి అత్తగారిని చెయ్యి పట్టుకుని నడిపించాల్సి వస్తుంది. పందాల తేదీలు రేస్‌కోర్సు వెబ్‌సైట్లో ఉంటాయి, టికెట్లు కొనేముందే చూడండి.

చూసేవాటి గురించి ఎవరైనా చెబుతారు. తిండి దగ్గరే మనవాళ్లు బోల్తా పడేది, అందుకని అదే ముందు.

యార్క్ చుట్టూ ఉన్న యార్క్‌షైర్ ప్రాంతంలో ఫిష్ అండ్ చిప్స్ (వేయించిన చేప, బంగాళాదుంప ముక్కలు) కొట్లు చాలావాటిలో వేయించడానికి నూనె వాడరు. బీఫ్ డ్రిప్పింగ్ వాడతారు, అంటే కరిగించి వడకట్టిన గొడ్డు కొవ్వు. కాగాక చూస్తే అచ్చం నూనెలాగే ఉంటుంది. చిప్స్ చల్లారాక కాగితానికి తెల్లటి పొర అంటుకుంటేనే సంగతి తెలుస్తుంది, అప్పటికి తినేసి ఉంటారు. చిప్స్ అంటే బంగాళాదుంపే కదా అనుకుని శాకాహారులు నిశ్చింతగా లాగించేది ఇక్కడే. అలర్జీ పట్టిక చూసినా లాభం లేదు. అక్కడి చట్టం ప్రకారం చెప్పి తీరాల్సిన 14 పదార్థాల్లో పాలు, గుడ్డు, చేప ఉన్నాయి గానీ గొడ్డు కొవ్వు లేదు. కాబట్టి ఆర్డరు ఇచ్చే ముందే "బీఫ్ డ్రిప్పింగా, వెజిటబుల్ ఆయిలా?" అని అడగండి. వాళ్లకది కొత్త ప్రశ్నేం కాదు, ఎవరూ ఏమీ అనుకోరు.

యార్క్‌షైర్ పుడ్డింగ్ కూడా అంతే. మైదా, గుడ్లు, పాలు కలిపిన జారుపిండిని పొగలొచ్చేలా కాగిన కొవ్వులో పోసి, 220 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో పెడతారు. అంచులు లేచి గిన్నెలా పొంగుతుంది, మధ్యలో ఓవెన్ తలుపు తీస్తే కుంగిపోతుంది. తీపి ఉండదు. దాన్నే వెడల్పుగా చేసి, లోపల మాంసం పెట్టి, గ్రేవీ పోసి చుట్టి ఇస్తారు. మాంసం తినేవాళ్లు ఒకటి తీసుకుంటే మధ్యాహ్న భోజనం అయిపోయినట్టే. బీఫ్ వద్దనుకుంటే టర్కీ లేదా పోర్క్ అడగండి, గ్రేవీ దేనితో చేశారో కూడా కనుక్కోండి.

అత్తగారి కోసం ఒక చిట్కా: హోటల్లో "వెజిటేరియన్" అనకండి, "వేగన్" అనండి. వాళ్ల లెక్కలో వెజిటేరియన్ అంటే గుడ్డు ఉండొచ్చు. వేగన్ అంటే గుడ్డుతో పాటు పాలు, కొవ్వు అన్నీ పోతాయి. కెఫేల్లో జాకెట్ పొటాటో (తొక్కతో కాల్చిన బంగాళాదుంప) మీద బేక్డ్ బీన్స్ పెట్టించుకుంటే బెంగ లేదు, ధర కూడా తక్కువే. అసలు నన్నడిగితే లీడ్స్‌లోనే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోండి. మ్యూజియం గార్డెన్స్‌లో, 1539లో ఎనిమిదో హెన్రీ మూయించిన సెయింట్ మేరీస్ ఆబీ అనే క్రైస్తవ మఠం శిథిలాల పక్కన కూర్చుని తినడానికి పైసా ఖర్చు లేదు. అక్కడే రోమన్ల నాటి బురుజు ఒకటి ఉంది. కింద భాగంలో చిన్న చిన్న రాళ్లు, మధ్యలో ఎర్ర పెంకుల వరస కనిపిస్తే అది రోమన్ కట్టడం. పైన పెద్ద రాళ్లతో ఉన్నది మధ్యయుగంలో కట్టింది.

బెట్టీస్ టీ దుకాణం ముందు క్యూ చూసి మీరూ నిలబడిపోకండి. ఫ్యాట్ రాస్కల్ అనే బన్ను కోసమే అయితే, అదే దుకాణంలో అమ్మకాల కౌంటరు వేరే ఉంది, కొనుక్కుని బయటపడొచ్చు. గుడ్డు తినేవాళ్లకే లెండి.

ఇక చూసేవి. స్టేషన్లో తొమ్మిదింటికల్లా దిగి నేరుగా షాంబుల్స్ వీధికి నడవండి. ఒకప్పటి కసాయి వీధి ఇది. మాంసం వేలాడదీసిన కొక్కేలు కొన్ని దుకాణాల ముందు ఇప్పటికీ ఉన్నాయి. పది దాటితే జనం తలలు తప్ప ఏమీ కనిపించవు.

తర్వాత మిన్‌స్టర్. టికెట్ 20 పౌండ్లకు అటూ ఇటూ ఉంటుంది, బుక్ చేసుకునే ముందు చూసుకోండి. లోపలికి వెళ్లగానే ఫొటోలు మొదలుపెట్టకుండా తూర్పు కొసకు నడవండి. 1405-1408 మధ్య జాన్ థార్న్‌టన్ చేసిన గాజు కిటికీ అక్కడుంది, టెన్నిస్ కోర్టంత. తూర్పు ముఖం కాబట్టి పొద్దున్నే రంగులు వెలుగుతాయి, మధ్యాహ్నానికి మందగిస్తాయి. చదవాల్సిన క్రమం పైనుంచి కిందికి: శిఖరాన దేవుడు, తర్వాత సృష్టి, దాని కింద బైబిల్ చివర చెప్పిన లోకాంతం, అడుగున రాజులు, బిషప్పులు. 311 పలకలనూ ఊడదీసి బాగుచేసి 2018లో పూర్తిచేశారు. మామూలు కంటికి పై వరసలు రంగు మచ్చల్లా కనిపిస్తాయి, చిన్న బైనాక్యులర్ ఉంటేనే ముఖాలు తెలుస్తాయి. దీని గురించి ఎవరూ చెప్పరు, అందరూ గోపురం ఎక్కమంటారు. దానికి వేరే టికెట్, 275 ఇరుకు మెట్లు. మోకాళ్ల నొప్పులుంటే ఆ జోలికే వెళ్లొద్దు.

బయట దక్షిణ ద్వారం దగ్గర కూర్చున్న విగ్రహం కాన్‌స్టంటైన్‌ది. 306లో సైన్యం అతన్ని చక్రవర్తిగా ప్రకటించింది ఈ ఊళ్లోనే.

భోజనమయ్యాక నేషనల్ రైల్వే మ్యూజియం చూడండి, ఉచితం. 1938లో గంటకు 126 మైళ్లు పరుగెత్తి ఆవిరి ఇంజన్ల రికార్డు పెట్టిన మల్లార్డ్ అక్కడిదే. జపాన్ బుల్లెట్ రైలు పెట్టె కూడా ఉంది. ఐదింటికి మూసేస్తారు, అందుకని నాలుగింటికల్లా బయటపడి కోటగోడ ఎక్కండి. గోడ మొత్తం 3.4 కిలోమీటర్లు, అంతా తిరగక్కర్లేదు. బూథమ్ బార్ నుంచి మంక్ బార్ దాకా (ఇక్కడ బార్ అంటే కోట ద్వారం) చాలు, మిన్‌స్టర్ బాగా కనిపించేది అక్కడి నుంచే. లోపలివైపు చాలాచోట్ల కమ్మీలు లేవు, పెద్దావిడను బయటి గోడ వైపు నడిపించండి.

మళ్లీ మిన్‌స్టర్‌కే రండి. చాలా రోజుల్లో సాయంత్రం ఐదున్నరకు ఈవెన్‌సాంగ్ ఉంటుంది, గాయక బృందం పాడే ప్రార్థన. టికెట్ ఉండదు. పావుగంట ముందు వెళితే బృందం పక్కనే చెక్క పీఠాల్లో కూర్చోబెడతారు. అందరూ లేచినప్పుడు లేవండి, ఫోను తీయకండి, మతం ఎవరూ అడగరు. డబ్బు ఖర్చు వద్దనుకునేవాళ్లకు లోపలి భాగం కొంతైనా చూసే దారి కూడా ఇదే.

రాత్రి భోజనం ఎనిమిదిలోపు కానివ్వండి. తొమ్మిది దాటితే చాలా పబ్బుల్లో వంటగది కట్టేస్తారు, తర్వాత చిప్స్ కొట్టే గతి. అక్కడ మళ్లీ అదే ప్రశ్న అడగాలి.